పిచ్ చదును చేసేదొకరు, పగ్గాలు పట్టేదొకరు

భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు సారథి తెలుగువాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కొఠారి కనకయ్య నాయుడు పేరిట టోర్నీ ఉంది, పురస్కారం ఉంది. జయంతికి, వర్ధంతికి పత్రికల్లో నాలుగు మాటలు వస్తాయి. ఆయన సిక్సర్లను లెక్కపెట్టినంత శ్రద్ధగా ఆయన చుట్టూ ఉన్న సమాజాన్ని మాత్రం మనం చదవలేదు. ఎవరు ఆడవచ్చు, ఎవరు నడిపించవచ్చు, ఎవరు మైదానం బయటే ఉండాలి అన్న మూడు ప్రశ్నలకు వలస భారతం ఇచ్చిన జవాబులన్నీ ఆ ఒక్క జీవితంలో కనిపిస్తాయి. ఆ జవాబులు పాతబడిపోయాయా లేదా అన్నది చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో నిలబడి చూస్తే తెలుస్తుంది.

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. పూర్వీకులు మచిలీపట్నం ప్రాంతం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. తాత న్యాయవాది, ఆస్తిపరుడు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న న్యాయవాది. నాయుడు అన్నది తెలుగు నేల మీద పలు వ్యవసాయ, సైనిక, వర్తక శూద్ర కులాలు ధరించిన గౌరవనామం. ద్విజ వర్ణాల మెట్టు మీద లేకపోయినా భూమి, చదువు, పట్టణ వృత్తులు అందిపుచ్చుకున్న కుటుంబం అది. మద్రాసులో క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడుదీ ఇలాంటి నేపథ్యమే. కాబట్టి కనకయ్య నాయుడును అణగారిన వర్గాల ప్రతినిధిగా చూపడం చరిత్రకు అన్యాయం. ఆయనకు బ్యాటు కొనిచ్చే ఇల్లు ఉంది, ఆడుకునే బడి ఉంది. మైదానపు మొదటి ద్వారం ఆయనకు తెరిచే ఉంది.

ఆ ద్వారం ఎవరికి మూసి ఉండేదో తెలియాలంటే పల్వంకర్ బాలును పక్కన నిలబెట్టి చూడాలి. 1876లో ధార్వాడ్‌లో చర్మకార కులంలో పుట్టిన బాలు, పుణెలో తెల్లవాళ్ల జింఖానాలో నెలకు 4 రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, వలలు కట్టి, దొరలకు బంతులు వేశాడు. ఆ బౌలింగే ఆయనను హిందూ జట్టులోకి తెచ్చింది. మైదానంలో ఆయన వేసిన బంతిని ముట్టుకున్న సవర్ణ ఆటగాళ్లు, విరామ సమయంలో ఆయనకు పెవిలియన్ బయట విడిగా మట్టి పాత్రలో టీ ఇప్పించారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసి వచ్చినా హిందూ జట్టు సారథ్యం ఆయనకు దక్కలేదు. 1920లో తమ్ముళ్లు విఠల్, శివరాం నిరసనగా జట్టు నుంచి తప్పుకుంటే గానీ ఉపసారథి పదవి కూడా రాలేదు. 1923లో విఠల్ హిందూ జట్టు సారథి కావడం ఆ కుటుంబం రెండు దశాబ్దాలు చేసిన పోరాట ఫలం.

నాయుడు 1916లో బొంబాయి క్వాడ్రాంగులర్ టోర్నీలో అదే హిందూ జట్టు తరఫున అడుగుపెట్టారు. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు మతాల వారీగా జట్లు కట్టి ఆడిన పోటీ అది. హిందూ అన్న ఆ జట్టు పేరు కింద ఎన్ని గోడలున్నాయో బాలు కథ చెబుతుంది. నాయుడు మాత్రం సిక్సర్‌తోనే పరుగుల ఖాతా తెరిచి, ఆపై ఏళ్ల తరబడి ఆ జట్టుకు ప్రధాన బలంగా నిలిచారు. 1923లో హోల్కర్ మహారాజు పిలుపు మీద ఇండోర్ చేరి, సంస్థాన సైన్యంలో కెప్టెన్ హోదా పొందారు. తరువాత కర్నల్ అయ్యారు. ఆటే వృత్తిగా బతకడానికి ఆనాడు మన దేశంలో ఉన్న దారి అదొక్కటే: సంస్థానాధీశుడి కొలువు. జీతం సైన్యానిది, పని క్రికెట్. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో ఆయన పేరు కనిపించింది. ఆటగాడి పేరుకు మార్కెట్ వెల కట్టడం మన దేశంలో అక్కడే మొదలైందంటారు.

1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానాలో గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టు మీద హిందువుల తరఫున నాయుడు రెండు గంటలు నిండకుండానే 153 పరుగులు చేశారు. వాటిలో 11 సిక్సర్లు. పాలకుల ఆటలో పాలకులనే ఇంతగా చితకబాదవచ్చని దేశం చూసింది. భారత జట్టుకు టెస్టు హోదా ఇవ్వాలన్న వాదనకు ఆ ఇన్నింగ్స్ బలమైన సాక్ష్యమైంది.

హోదా వచ్చింది. దానితోపాటే నాయకుడు ఎవరన్న చిక్కు వచ్చింది. 1932 ఇంగ్లండ్ పర్యటనకు పోర్‌బందర్ మహారాజు సారథి, లింబ్డీ రాజవంశీయుడు ఉపసారథి. జట్టులో అందరికంటే మేటి ఆటగాడు మూడో స్థానంలో. మహారాజు తన ఆట స్థాయి తెలిసినవాడు కాబట్టి టెస్టు నుంచి తప్పుకున్నాడు, లింబ్డీ గాయపడ్డాడు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్‌లో సారథ్యం నాయుడు చేతికి వచ్చింది. రాజవంశీకుడు కాని మనిషి కింద ఆడటానికి జట్టులో కొందరు మొరాయించారనీ, పైనుంచి గట్టి ఆదేశం వచ్చాక దిగొచ్చారనీ క్రికెట్ చరిత్రకారులు రాశారు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి జట్టులో అత్యధిక స్కోరు సాధించింది ఆయనే. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. పర్యటన మొత్తంలో ఆయన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 1933 విజ్డెన్ సంచిక ఆయనను ఏటి మేటి ఐదుగురిలో చేర్చింది.

అదే 1932 సెప్టెంబర్‌లో పుణెలో మరో చరిత్ర నడిచింది. అణగారిన కులాల ప్రత్యేక నియోజకవర్గాల మీద గాంధీజీ నిరాహార దీక్ష, డాక్టర్ అంబేద్కర్ మీద దేశమంతటి ఒత్తిడి, 24న పూనా ఒడంబడిక. సంతకాలు చేసినవారిలో పల్వంకర్ బాలు ఒకరు. 1937లో బొంబాయి శాసనసభ ఎన్నికలో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా అంబేద్కర్ మీద పోటీచేసి ఓడిపోయారు. బాలు రాజకీయంతో మనకు విభేదం ఉండవచ్చు. కానీ ఒకే ఏడాది రెండు వేదికల మీద దేశం ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే: ప్రాతినిధ్యం పుట్టుకను బట్టా, అర్హతను బట్టా? అర్హత చూపే అవకాశమే లేనివారికి దాన్ని ఎవరు కల్పించాలి?

1936 వచ్చేసరికి పుట్టుక తన వాటా తాను వసూలు చేసుకుంది. 1933-34లో స్వదేశంలో జార్డిన్ జట్టు మీద సిరీస్ నడిపిన నాయుడును పక్కనపెట్టి, ఇంగ్లండ్ పర్యటన సారథ్యాన్ని విజయనగరం పూసపాటి వంశీయుడైన విజ్జీకి కట్టబెట్టారు. ఆయనా తెలుగు మూలాలవాడే; తేడా భాషలో లేదు, పుట్టుకలో, ధనంలో ఉంది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు. జట్టు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులు మొదలు కాకముందే ఇంటికి పంపారు. నాయుడును అల్పాహారం బల్ల దగ్గర అవమానించినందుకు ప్రతిఫలంగా ఒక ఆటగాడికి టెస్టు టోపీ దక్కిందన్న కథ నేటికీ చెప్పుకుంటారు. ఆ పర్యటనలోనే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. ఓవల్‌లో తన చివరి టెస్టులో 81 పరుగులు చేసి నాయుడు తన సమాధానం తాను చెప్పారు. ఏడు టెస్టులు, నాలుగింటిలో సారథ్యం, 350 పరుగులు: అంతటి ఆటగాడికి టెస్టు చరిత్ర ఇచ్చిన చోటు ఇంతే.

ఇక్కడ గమనించవలసినది వివక్షలోని మెట్ల వరస. రాజు కాని శూద్ర నాయుడుకు నాయకత్వం దగ్గర అడ్డు. దళిత బాలుకు నాయకత్వం సంగతి తరువాత, టీ పాత్ర దగ్గరే అడ్డు. పై మెట్టు మీద అవమానపడినవాడు కింది మెట్టు అవమానాన్ని గుర్తించకపోవడమే కుల వ్యవస్థ బలం. అంబేద్కర్ కులాన్ని అంతస్తుల అసమానతగా వివరించింది ఇందుకే.

ఇది మన దేశానికే పరిమితమైన రోగం కాదు. ఇంగ్లండ్‌లో జీతానికి ఆడే ఆటగాడు, లెన్ హట్టన్, 20వ శతాబ్దంలో తొలిసారి జాతీయ జట్టు సారథి అయ్యింది 1952లో. వెస్టిండీస్ జట్టు ఆటలో నల్లవారే సింహభాగమైనా, ఒక పూర్తి సిరీస్‌కు నల్లజాతి సారథిగా ఫ్రాంక్ వారెల్‌ను నియమించింది 1960లో. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఏ.లో తొలి నల్లజాతి ఆటగాడిగా ఎర్ల్ లాయిడ్ బరిలో దిగింది 1950 అక్టోబర్ 31న. ఆ లీగ్‌లో బిల్ రసెల్ తొలి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యేందుకు మరో 16 ఏళ్లు పట్టింది. ముందుగా ఒంటి సత్తువను అనుమతిస్తారు. బుర్రను, నాయకత్వాన్ని ఆలస్యంగా అంగీకరిస్తారు. జాతి ఉన్నచోట జాతి, కులం ఉన్నచోట కులం ఈ కాపలా కాస్తాయి.

నాయుడు ఆట ఆగలేదు. 1945-46లో ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు రంజీలో తొలిసారి ఆడింది. 58 ఏళ్ల వయసులో దానికి సారథ్యం వహించింది ఆయనే. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ జట్టును నడిపారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాద్. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో భారీ కట్టడాలను అడ్డుకుంది. భూముల చేతులు మారడాన్ని మాత్రం అడ్డుకోలేకపోయింది. పొలాలు ఫామ్‌హౌస్‌లయ్యాయి, రిసార్టులయ్యాయి, పచ్చిక పరిచిన ప్రైవేటు మైదానాలయ్యాయి. వారాంతాల్లో నగరం కార్లలో వచ్చి ఆడి వెళుతుంది. ఆ మైదానానికి గడ్డి కోసేది ఎవరు? పిచ్‌కు నీళ్లు పట్టేది ఎవరు? గంటల లెక్కన అద్దె కట్టి ఆడేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో కులాలు కలవకపోతే, పుణె జింఖానా కాలం పోలేదన్నమాటే. ఒకప్పుడు ఆ నేలను సాగుచేసిన కుటుంబపు పిల్లవాడు నేడు అదే నేల మీద బంతి ఏరి ఇచ్చేవాడిగా మిగిలితే, అది బాలు కథ మొదటి అధ్యాయమే. రెండో అధ్యాయం రాయడానికి ఏ విఠల్, ఏ శివరాం నిరసన తెలపాలి?

బంతికి కులం తెలియదు కదా, ఆటలో ప్రతిభే కొలమానం కదా అని అడిగేవారున్నారు. నిజమే, బంతికి తెలియదు. బంతి దగ్గరికి చేర్చే దారికి తెలుసు. బూట్లు, కిట్టు, శిక్షణ రుసుము, నగరానికి బస్సు చార్జీ, సెలక్షన్ జరిగే రోజు ముందుగా తెలిసే పరిచయం, కూలి పోయినా పంపగల ఇల్లు: ఇవన్నీ ఉన్నాకే ప్రతిభ కొలతకు వస్తుంది. నాయుడుకు ఇవి పుట్టుకతో వచ్చాయి. బాలు వీటిని దొరల వలల దగ్గర చెమటోడ్చి దొంగిలించుకున్నంత కష్టంగా సంపాదించుకున్నాడు. వంద మంది బాలుల్లో తొంభై తొమ్మిది మంది పిచ్ చదును చేస్తూనే ముసలివారై ఉంటారు.

2023 ఆగస్టు 26న చేవెళ్ల వేదిక మీదే కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. ఆ పార్టీ నేడు అధికారంలో ఉంది. రిజర్వేషన్లు, భూమి, ఆర్థిక సాయం గురించి అడగడంతోపాటు మైదానం గురించీ అడగవలసిన సమయం ఇది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ, గురుకులానికీ ఆడుకునే నేల, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండాలి. జిల్లా, రాష్ట్ర జట్ల ఎంపికలు నగర క్లబ్బుల గడప దాటి మండల కేంద్రాలకు రావాలి. ప్రైవేటు మైదానాలకు అనుమతులిచ్చేటప్పుడు స్థానిక ప్రభుత్వ బడుల పిల్లలకు వారంలో కొన్ని గంటలు ఉచితంగా కేటాయించాలన్న షరతు పెట్టాలి. శిక్షకుల, సెలక్టర్ల, సంఘాల నాయకత్వంలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాలకు చోటు ఉండాలి. ఎందుకంటే ఆఖరుగా తెరుచుకునే ద్వారం నాయకత్వానిదే అని చరిత్ర అంతటా చూశాం.

నాయుడు సిక్సర్లను తలచుకోవడం సులువు. రాజు కాడన్న కారణంతో ఆయన పగ్గాలు లాక్కున్న వ్యవస్థను తలచుకోవడం కొంచెం కష్టం. అదే వ్యవస్థ కింది మెట్టు మీద బాలుకు చేసిన ద్రోహాన్ని మన తెలుగు గర్వంతో పాటు గుర్తుంచుకోవడం ఇంకా కష్టం. ఆ కష్టమైన జ్ఞాపకమే చేవెళ్ల, మొయినాబాద్ బడి పిల్లలకు పనికొస్తుంది.