అక్షరాన్ని తాకి చూడమన్న అమ్మ

మేడ్చల్ నుంచి శామీర్‌పేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చుని దారి పొడుగునా బోర్డులు చదవడం నాకు అలవాటు. చిన్నపిల్లల బడి కనిపిస్తే 'మాంటిస్సోరి' అన్న మాట కూడా తరచూ కనిపించేది. చాలాకాలం అదేదో ఊరి పేరనుకున్నాను! మా మనవడికి 'అ' నేర్పలేక నానా తంటాలు పడ్డాకే అది ఒక మనిషి పేరని, ఆమె కూడా ఒక తల్లేనని తెలిసింది.

మావాడికి నాలుగేళ్లు. పలక తీస్తే చాలు, మంచం కింద దూరేవాడు. బళ్లో పేజీ నిండా 'అ' రాసుకు రమ్మన్నారు. చెయ్యి పట్టి దిద్దించాను, కసిరాను కూడా. వాడు ఏడుస్తూనే నిద్రపోయాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా అమ్మాయి పుస్తకాల్లో మారియా మాంటిస్సోరి జీవితకథ ఉంటే తీసి చదివాను.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టింది. ఆడపిల్లకి డాక్టరు చదువేమిటని నవ్వే రోజులవి. మగ విద్యార్థులతో కలిసి శవాన్ని కోయడం తప్పని, అందరూ వెళ్లాక ఒంటరిగా ఆ గదిలో నిలబడి నేర్చుకుంది. 1896లో పట్టా పుచ్చుకుంది. బుద్ధి ఎదగలేదని అందరూ వదిలేసిన పిల్లల్ని చూసి, వీళ్లకి కావలసింది మందులు కాదు, చేతులకు పని అని గ్రహించింది. చెక్కతో అక్షరాలు చేయించి వాటిమీద వాళ్ల వేళ్లు తిప్పించింది. ఆ పిల్లల్లో కొందరు మామూలు బడిపిల్లల పరీక్షలే రాసి నెగ్గారు!

1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆమె 'పిల్లల ఇల్లు' మొదలైంది. అక్కడ చెక్కకు బదులు గరుకు కాగితం వాడింది. అక్షరాన్ని కత్తిరించి నున్నటి అట్టమీద అంటించడం, రాసే వరసలోనే వేళ్లతో తడుముతూ ఆ శబ్దం పలకడం, అంతే. డిసెంబరులో ఎండ కాసిన ఒకరోజు డాబా మీద ఐదేళ్ల వాడికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వెయ్యమంది. వాడు బొమ్మ వేసి ఊరుకోలేదు. చెయ్యి అన్న మాట రాశాడు, తర్వాత పొగగొట్టం అన్న మాట. రాయడం వచ్చేసిందని ఒకటే కేకలు!

ఇంతమంది పిల్లల చేత అక్షరాలు దిద్దించిన ఆ తల్లికి సొంత కొడుకు వేలు పట్టుకునే భాగ్యం లేకపోయింది. పెళ్లి కాకుండానే 1898లో ఆమెకు మారియో పుట్టాడు. లోకానికి తెలిస్తే అంతవరకూ కష్టపడి సంపాదించుకున్నదంతా పోతుంది. బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించింది. చూడ్డానికి వెళ్లినా తానెవరో చెప్పుకోలేదు. 1912లో ఆమె తల్లి పోయాకే, పదిహేనేళ్ల వయసులో వాడు ఆమె దగ్గరికి చేరాడు. ఆ తర్వాత కూడా నలుగురికీ పెంచుకున్న కొడుకనే చెప్పింది.

1939 నవంబరులో తల్లీకొడుకులిద్దరూ మద్రాసు వచ్చారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. మర్నాటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగడంతో, శత్రుదేశం వాడని మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. సరిగ్గా ఆమె డెబ్భయ్యో పుట్టినరోజున, ఆమె కొడుకును ఆమెకు తిరిగి ఇస్తున్నామంటూ వైస్రాయి తంతి పంపించాడు. దాచుకున్న మాట తంతిలో అలా బయటపడింది, అదీ మన నేలమీద. 1946 దాకా ఆమె ఇక్కడే ఉండి వెయ్యిమందికి పైగా టీచర్లను తయారుచేసింది. 1952 మే 6న హాలండులో కన్నుమూసింది.

మర్నాడే నేను ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లి గరుకు కాగితం కొన్నాను. 'అ' ఒకటి, 'ల' ఒకటి కత్తిరించి పాత క్యాలెండరు అట్టమీద అంటించాను. చూపుడువేలు, మధ్యవేలు కలిపి తడమాలి. మొదట ఇది 'అ' అని చెప్పాలి. తర్వాత రెండు అట్టలూ ముందు పెట్టి 'అ' ఏదో చూపించమనాలి. చివర్న ఇదేమిటని అడగాలి. తప్పు చెబితే కసరకూడదు, ఇంకో రోజు ఆడించాలి. మావాడైతే కళ్లకు గుడ్డ కట్టుకుని మరీ చెప్పేస్తున్నాడు!

ఆలోచిస్తే ఇది మనకు కొత్తేం కాదు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్లల వేలితో రాయిస్తాం కదూ? ఆ ఒక్కరోజుతో ఆపేసి మర్నాటి నుంచి పలకతో వేధిస్తాం. వంటింట్లో బియ్యం రోజూ ఉంటాయి. అన్నం వండేముందు ఒక పళ్లెంలో పోసి, పది నిమిషాలు బిడ్డ పక్కన కూర్చోండి.

మొన్న శామీర్‌పేట వెళ్లినప్పుడు చెరువు చూపించడానికి తీసుకెళ్లాను. నేను మా చెల్లెలితో కబుర్లలో పడ్డాను. తిరిగి చూస్తే మావాడు పుల్ల తీసుకుని మట్టిలో అంత పెద్ద 'అ' గీసి, దాన్ని ఎవరూ తొక్కకుండా పక్కనే కాపలా కూర్చున్నాడు.