పేరున్న కాలేజీ – పేరు లేని కుర్రవాడు

ఇంటర్ ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో ఒకటే మాట. పేరున్న కాలేజీలో సీటు వస్తుందా, రాదా? రాకపోతే బిడ్డ బతుకే చెడిపోయిందన్నట్లు తల్లి కంటనీరు పెడుతుంది, తండ్రి పలకడం మానేస్తాడు. అటువంటి వేళ తలచుకోదగిన జీవితం ఒకటుంది. అది గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ జీవితం.

ఆయన నేటి తమిళనాడులోని ఈరోడ్‌లో 1887 డిసెంబరు 22న జన్మించారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. కాగితం కొనే స్తోమత లేక, ఆ కుర్రవాడు లెక్కలన్నీ పలక మీద చేసి, మోచేతితో తుడిచేసి, ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాడు. 1904లో గణితంలో బహుమతితో హైస్కూలు ముగించి, స్కాలర్‌షిప్‌పై కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు. అది సామాన్యమైన కళాశాల కాదు. దానికి దక్షిణ భారత కేంబ్రిడ్జి అని పేరు!

అయితే అప్పటికే వేల సూత్రాలున్న ఒక గణిత గ్రంథం ఆయన చేతికి చిక్కింది. ఇక మిగతా పాఠాలపై మనసు నిలవలేదు. ఇతర పాఠాల్లో తప్పడంతో స్కాలర్‌షిప్ పోయింది. ఇంట్లో ముఖం చూపలేక 1905లో ఎవరికీ చెప్పకుండా మన విశాఖపట్నం పారిపోయాడు. కన్నవారు ఎంత తల్లడిల్లి ఉంటారో తల్లిదండ్రులు ఊహించగలరు. తిరిగి వచ్చాక 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరాడు. నేటి ఇంటర్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్ష అక్కడా తప్పాడు. మరుసటి ఏడు మళ్లీ రాసినా అదే ఫలితం. రెండు కళాశాలలు చూసిన ఆ యువకుని చేతిలో పట్టా లేదు. ఉన్నది నోటుపుస్తకాలే.

ఆ తరువాత కొన్నేళ్లు ఆకలి, అవమానం. 1909లో వివాహం కూడా అయింది. ఉద్యోగం కోసం నోటుపుస్తకాలు చంకనబెట్టుకుని గడపగడపా తిరిగాడు. అప్పటి నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు ఆ పుస్తకాలు చూసి, పట్టా ఏదని అడగకుండా, నెలకు కొంత సొమ్ము ఇచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతంపై గుమాస్తా కొలువు దొరికింది.

1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల ఆచార్యుడు హార్డీకి ఒక ఉత్తరం రాశారు. తనకు విశ్వవిద్యాలయ చదువు లేదన్న సంగతి అందులో దాచలేదు. అంతకు ముందు ఇతర ఆచార్యులకు రాసినా ఫలితం లేకపోయింది. హార్డీ మాత్రం సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని ఆ సూత్రాలను పరిశీలించి, రాసినవాడు అసాధారణుడని గుర్తించారు. పట్టా లేకపోయినా మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914లో ఆయన ఇంగ్లండు చేరారు. 1916లో కేంబ్రిడ్జి పరిశోధన పట్టా, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే ఏడు ట్రినిటీ ఫెలోషిప్ లభించాయి. ఆ ఫెలోషిప్ పొందిన తొలి భారతీయుడు ఆయనే. కానీ యుద్ధకాలపు తిండి ఇబ్బందులు, చలి, జబ్బు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు.

మరి పేరున్న కాలేజీ అక్కరలేదా? తొందరపడి అలా అనుకోకూడదు. ఒంటరిగా గడిపిన ఏళ్లలో ఆయన కష్టపడి కనుగొన్న వాటిలో కొన్ని ఐరోపాలో ఎప్పుడో తెలిసినవే. ఆ సంగతి చెప్పేవారు ఆయన పక్కన లేరు. ఆయన చిన్న వయసులో పోవడం కన్నా, దారి చూపేవారు లేక ఆ ఏళ్లు వృథా కావడమే పెద్ద విషాదమని హార్డీ తరువాత భావించారు. ట్రినిటీ ఆయనకు ప్రతిభను ఇవ్వలేదు. అది ముందే ఉంది. ట్రినిటీ ఇచ్చింది గురువును, తోటివారిని, తన పని లోకానికి చేరే దారిని. కుంభకోణం కళాశాలకూ పేరుంది. కానీ ఆ కుర్రవాడిని అర్థం చేసుకునే మనిషి అక్కడ దొరకలేదు.

కనుక తల్లిదండ్రులారా, సీటు వస్తే సంతోషించండి, రాకపోతే కుంగిపోకండి. కాలేజీ గేటు మీది పేరు కన్నా, లోపల మీ బిడ్డను గుర్తించే గురువు ఉన్నాడా అని విచారించండి. మార్కుల కాగితం చేతబట్టుకుని గుమ్మంలో తలవంచుకు నిలబడిన బిడ్డను మాత్రం ముందు భోజనానికి పిలవండి. విశాఖ రైలెక్కే అవసరం ఏ బిడ్డకూ రాకూడదు.