ఎర్నెస్ట్ జాస్పర్: ఆర్ట్స్ కాలేజీని గీసిన వాస్తుశిల్పి

ఉప్పల్, నాచారం ప్రాంతాల నుండి హబ్సిగూడ, తార్నాకల మీదుగా ఉస్మానియా ప్రాంగణానికి పోయే విద్యార్థులకు ఆర్ట్స్ కాలేజీ భవనం చిరపరిచితం. దానిని ఎవరు నిర్మించినారని అడిగితే ఏడవ నిజాం పేరు తడుముకోకుండా చెప్పుదురు. కట్టించినవాడు వేరు, గీసినవాడు వేరు. గీసినవాడు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశీయుడు.

జాస్పర్ 1876లో జన్మించినాడు. ఆయన యువకుడుగా ఉన్న కాలంలో వాస్తుశిల్పులను వేధించిన ప్రశ్న ఒకటున్నది. ఇనుము, ఉక్కు, కాంక్రీటు వచ్చిన తరువాత భవనం బరువును గోడ మోయవలసిన పని లేకపోయినది. మోయని గోడకు అలంకారం ఎందుకు? బ్రస్సెల్సు నగరంలో విక్టర్ హోర్టా ఇనుమును లతల వలె వంచి దీనికి సమాధానం చెప్పినాడు. అమెరికాలో లూయీ సల్లివాన్ (1856-1924) మరొక విధంగా చెప్పినాడు. ఈ సల్లివాన్‌ను అలంకార ద్వేషిగా మన పాఠ్యపుస్తకాలు పరిచయం చేయడం అన్యాయం. బఫెలో నగరంలో 1896లో పూర్తయిన ఆయన గ్యారంటీ భవనాన్ని కాల్చిన మట్టి పలకలు నిలువెల్లా కప్పి ఉన్నవి. వాటిమీద ఆకులు, తీగలు, జ్యామితి రేఖలు పొదిగి ఉన్నవి. షికాగోలోని ఒక పెద్ద దుకాణానికి మాత్రం క్రింది రెండంతస్తులలోనే, బాటసారి కన్ను ఆనేంత ఎత్తులో, పోత ఇనుముతో జాలీ వంటి పనితనం చూపి, పైఅంతస్తులను సాదాగా వదిలినాడు. అలంకారం ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నదే ప్రశ్న అని ఆయన గ్రహించినట్లున్నది.

జాస్పర్‌కు ఈ ప్రశ్న ఎడారిలో ఎదురయినది. 1905లో బారన్ ఎడ్వర్డ్ ఎంపాఁ అనే బెల్జియం ధనికుడు కైరో సమీపాన ఇసుక నేలమీద హీలియోపోలిస్ అనే కొత్త నగరానికి పూనుకొన్నాడు. అక్కడ జాస్పర్ గీసిన ప్యాలెస్ హోటలు 1910లో తెరువబడినది. నాలుగు వందలకు పైగా గదులు, మధ్యన ఎత్తయిన గుమ్మటం, అరబ్బు శైలిలో తోరణాలు. యుద్ధకాలంలో అది సైనికుల ఆసుపత్రి అయినది. 1980ల నుండి ఈజిప్టు అధ్యక్ష భవనంగా ఉన్నది. కాంక్రీటు, గచ్చు ఏ అచ్చులో పోస్తే ఆ రూపం ధరిస్తవి. అందుచేత అక్కడ జాస్పర్ చేతికి అడ్డు లేదు. ఆ భవనం చిత్రాలు చూచినప్పుడు నాకు కొంత అతివ్యయం కనిపించినదని చెప్పక తప్పదు.

ఇక హైదరాబాదు. ఉర్దూ బోధనా భాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం చాలా ఏండ్లు నగరంలోని అద్దె ఇండ్లలో తలదాచుకొన్నది. అడిక్‌మెట్ నేల నిర్ణయమైన తరువాత, 1930 ప్రాంతంలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా గార్లు ఐరోపా, అమెరికా, జపాను మొదలైన దేశాల విద్యాలయాలను చూచివచ్చినారు. ఆ యాత్ర ఫలితంగా జాస్పర్ ఇక్కడికి వచ్చినాడు. వచ్చినవాడు వెంటనే గీయలేదు. అజంతా, ఎల్లోరా, బీదర్, ఢిల్లీ, ఆగ్రా తిరిగినాడు.

అప్పుడు ఆయనకు తగిలినది మన రాయి. ఉప్పల్, నాచారం పరిసరాలలో నిన్నమొన్నటి దాకా గుట్టలుగా కనిపించిన ఈ నల్లరాతి, గులాబిరాతి బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఉప్పల్ రోడ్డులో 1961లో నెలకొల్పిన భూభౌతిక పరిశోధన సంస్థ వారికి అది పరిశోధన వస్తువు. ఉలి పట్టినవానికి మాత్రం అది ప్రాణసంకటం. గ్రానైటు పలుకు ముతక. సన్నని గీత గీయబోతే అంచు రాలిపోతుంది. అందుకే 1591 నాటి చార్మినార్ మీది పూలు రాతివి కావు, సున్నపు గచ్చువి. కాకతీయ శిల్పులు కూడ నగిషీ పని నున్నగా రావలసిన చోట మరొక జాతి నల్లరాతిని ఎంచుకొన్నారు.

జాస్పర్ గచ్చుతో కప్పి తప్పించుకొనలేదు. గ్రానైటును గ్రానైటుగానే చూపినాడు. విశాలమైన గోడలను దాదాపు సాదాగా విడిచి, రాతి పలుకుమీద ఎండ ఆడే ఆటనే అలంకారంగా భావించినాడు. పనితనమంతా ద్వారం వద్ద, స్తంభాల వద్ద కూడబెట్టినాడు. పొట్టిగా బలంగా నిలిచిన స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహలను తలపిస్తవి. పెద్ద చతురస్రపు దిమ్మెలో లోతుగా తొలిచినట్లున్న ద్వారతోరణం బీదర్, ఢిల్లీలను జ్ఞప్తికి తెస్తుంది. సల్లివాన్ 1893 షికాగో ప్రదర్శనలో పెట్టిన స్వర్ణద్వారం కూడ ఇట్లే దిమ్మెలో తోరణం లోపల తోరణంగా లోపలికి పోయేది. ఒకరిని చూచి ఒకరు చేసినారని నేననను. మట్టితో పనిచేసినవాడు, రాతితో పనిచేసినవాడు ఒకే చోటికి చేరినారు, అంతే.

1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగినవి. రెండు సంప్రదాయాలను ఒక గోడలో కలిపినారని ఈ భవనాన్ని అందరూ పొగడుతారు. అయితే ఆ గోడ లేస్తున్న 1938లోనే, వసతిగృహాలలో వందేమాతరం పాడినందుకు ఇదే విశ్వవిద్యాలయం నుండి విద్యార్థులు బహిష్కృతులైనారు. ఆ పాట పాడినవారిలోనూ, వద్దన్నవారిలోనూ రోజూ ఆ స్తంభాలు లేవడం చూచినవారు తప్పక ఉండి ఉంటారు. ఈ విషయం విడిచి ఆర్ట్స్ కాలేజీ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చినది.

జాస్పర్ 1940లో మరణించినాడు. నేను ఎం.ఏ. చదివిన రెండేండ్లలో ఆ పేరు ఒక్క అధ్యాపకుని నోటనైనా వినలేదు. ఈ మధ్య మా విద్యార్థులను అక్కడికి తీసికొనిపోయినప్పుడు, గోడకు దగ్గరగా నిలిచి అరచేయి ఆనించి చూడుమన్నాను. నాచారంలో కొత్త ఇండ్ల ముందు అతికించే రాతివంటి పలకల వలె ఉంటుందనుకొన్న ఒక అబ్బాయి, గరుకుగా తగిలేసరికి చేయి వెనుకకు తీసికొని, మరల ఆనించినాడు.