అందరూ పక్కన పెట్టే పుస్తకాలు - కొమర్రాజు లక్ష్మణరావు గారు

ఏ ఊరి గ్రంథాలయంలోకైనా వెళ్లి బీరువాలు ఒకసారి చూడండి. డిటెక్టివ్ నవలలకు అట్టలు ఉండవు. సాంఘిక నవలలకైతే చివరి పేజీలే ఉండవు. భక్తి పుస్తకాలకు పసుపు కుంకుమ మరకలు అంటి ఉంటాయి. ఇక శాస్త్రము, చరిత్ర, అర్థశాస్త్రము అని చీటీ అంటించిన బీరువా దగ్గరికి వెళితే, పుస్తకాలు కొన్న రోజు ఎలా ఉన్నాయో ఈ రోజూ అలాగే ఉంటాయి. చెదపురుగులకు తప్ప వాటి రుచి ఇంకొకరికి తెలియదు.

వాటిని ఎందుకు తీయరయ్యా అంటే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెబుతారు. కథ లేదంటారు కొందరు. మాటలు నోరు తిరగవంటారు కొందరు. అవి బాగా చదువుకున్నవాళ్లకేనని ఊళ్లో పెద్దవాళ్లు అనుకుంటారు. చదువుకుంటున్న మనమేమో సిలబస్‌లో లేనిది ఎందుకని పక్కన పెడతాం. ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. నూట ఇరవై ఏళ్ల నాడే దీన్ని కనిపెట్టి, మందు వేయటానికి తన జీవితం మొత్తం ఖర్చు పెట్టిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. ఆయనే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు.

1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు (ఇప్పుడది ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది). ఆ ఊరంటే తిరుపతమ్మ తల్లి తిరునాళ్లే మనకు గుర్తొస్తుంది. మా వైపు రైతులు ట్రాక్టర్లు కట్టుకొని పోయి మొక్కులు చెల్లించి వస్తారు. ఆ ఊళ్లో ఇలాంటి మనిషి పుట్టాడని వాళ్లల్లో ఒక్కరైనా అనగా నేను వినలేదు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. అక్క బండారు అచ్చమాంబ గారు తమ్ముణ్ణి తన దగ్గర పెట్టుకొని చదివించారు. బావగారి ఉద్యోగం మధ్య పరగణాల్లో కావటంతో చదువు నాగపూరులో సాగింది. అందుచేత ఆయనకు మరాఠీ మాతృభాషతో సమానంగా వచ్చింది. మరాఠీ పత్రికల్లో వ్యాసాలు రాసి పేరు కూడా తెచ్చుకున్నారు. అచ్చమాంబ గారు బడికి వెళ్లినవారు కాదు. తమ్ముడి పక్కన కూర్చొని చదువు నేర్చుకొని, అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పెద్ద గ్రంథం రాశారు. అది గొప్ప స్త్రీల జీవిత చరిత్రల పుస్తకం. అంటే అక్క కూడా కల్పితగాథ కాని పుస్తకమే రాసింది. ప్లేగు వ్యాధి ప్రబలిన రోజుల్లో రోగులకు సేవ చేస్తూ 1905లో ఆ తల్లి చనిపోయింది. అప్పటికి ఆమె వయస్సు ముప్ఫై ఏళ్లే.

లక్ష్మణరావు గారు 1902లో ఎం.ఏ. ప్యాసయ్యారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా పని చేశారు. దివాను ఉద్యోగమంటే శిస్తులు, దావాలు, దస్తావేజులు. వాటి మధ్య ఆయన మనస్సు పుస్తకాల మీదనే ఉండేది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవారిలో ఆయన ఒకరు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది.

గ్రంథాలయాలు పెడితే పెట్టారు, బీరువాల్లో పెట్టటానికి తెలుగులో ఏమున్నాయి? పురాణాలు, శతకాలు, ప్రబంధాలు, నాటకాలు, అప్పుడప్పుడే వస్తున్న నవలలు. వీరేశలింగం గారు జంతువుల మీద, శరీరశాస్త్రం మీద కూడా రాశారు గాని, ఒక్క చేయి ఎన్ని రాయగలదు? మరాఠీలో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు చదువుతూ పెరిగినవాడికి ఈ లోటు ముల్లులా గుచ్చుకొని ఉంటుందని నా ఊహ. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గార్లు మొదలైన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. రెండేళ్లకు అది మద్రాసుకు మారింది. అదే 1908లో హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహం కేసులో జైలుకు పోయారు. అయినా మండలి పని ఆగలేదు.

మండలి మొదటి పుస్తకం హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత వరస చూడండి. లక్ష్మణరావు గారే హిందువుల మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అని దేశ చరిత్ర రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి చేత ఆంధ్రుల చరిత్ర రాయించారు. మంత్రిప్రగడ సాంబశివరావు గారిది పదార్థ విజ్ఞాన శాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ గారిది రసాయన శాస్త్రం, ఆచంట లక్ష్మీపతి గారిది జీవశాస్త్రం. కలరా మీద కూడా ఒక పుస్తకం! కట్టమంచి రామలింగారెడ్డి గారి అర్థశాస్త్రం 1914లో వచ్చింది. మన బి.ఎస్సీ. గ్రూపులన్నీ ఆ నాడే తెలుగులో ఉన్నాయన్న మాట.

వీటిని జనం ఎగబడి కొనరని ఆయనకు తెలియకపోలేదు. అందుకే నవలలకు పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, చారిత్రక నవలలు రాయించి అదే గ్రంథమాలలో వేశారు. నాకు ఆయనలో అన్నింటికంటే నచ్చింది ఇదే. నవలలు చదివేవాళ్లను ఆయన తిట్టలేదు. నవల కోసం వచ్చినవాడి కంటికి పక్కనే రసాయన శాస్త్రం కనపడేటట్లు ఒకే దండలో గుచ్చారు. పశువుకు ఎండుగడ్డిలో నాలుగు పచ్చిపరకలు కలిపి వేస్తే మొత్తం మేస్తుందని మా ఇంట్లో చేసే పని కూడా ఇదే!

అయితే ఒక్క మాట అనక తప్పదు. మండలి పుస్తకాల భాష గ్రాంథికం. శాస్త్రానికి జడిసి దూరంగా నిలబడ్డవాడికి ఆ భాష ఇంకో గోడ అయ్యి ఉంటుంది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడుతున్న రోజులవి. ఈ పుస్తకాలే వాడుక భాషలో వచ్చి ఉంటే ఇంకా ఎంత దూరం పోయేవో కదా అనిపిస్తుంది.

ఇదంతా పాత కథ అనుకుంటారేమో. మా నాన్న పత్తి చేలో పురుగు పడితే, మందుల కొట్టాయన ఏ డబ్బా చేతిలో పెడితే అదే కొడతాడు. దాంట్లో ఏముంది, ఎంత మోతాదు, ఎన్ని రోజులకు మళ్లీ కొట్టాలి అనేవి వివరంగా ఉన్న తెలుగు పుస్తకం మా ఊరి గ్రంథాలయంలోనే ఉంది. మొన్న వేసవి సెలవుల్లో తీసి చూస్తే, వెనక అంటించిన చీటీ మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. రెండేళ్ల మందు బాకీ మాకు ఇంకా తీరలేదు.

లక్ష్మణరావు గారి పెద్ద కల ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలో ఉన్న విషయాలన్నీ అకారాది క్రమంలో తెలుగులో పెట్టాలని 1912 ప్రాంతంలో మొదలు పెట్టారు. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి వంటి పండితులు తోడుగా ఉన్నారు. ఎన్నో వ్యాసాలు ఆయన స్వయంగా రాశారు. మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ అయ్యేసరికి ఇంకా 'అ' అక్షరం దాటలేదు! నవ్వు వస్తుంది గాని, ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఒక్క అక్షరానికే అంత విషయం ఉందని ఆయన చూశారు, తక్కువ చేసి రాయటానికి ఆయన మనస్సు ఒప్పుకోలేదు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం, డబ్బు ఇబ్బందులు. పని నిలిచిపోయింది.

1919లో వీరేశలింగం గారు మద్రాసులో లక్ష్మణరావు గారి ఇంట్లోనే కన్ను మూశారు. నాలుగేళ్లకు, 1923 జూలై 12న, లక్ష్మణరావు గారూ మద్రాసులోనే పోయారు. వయస్సు నలభై ఆరు. విజ్ఞాన సర్వస్వాన్ని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు చేతికి తీసుకొని 1930లలో మళ్లీ కొన్ని సంపుటాలు అచ్చు వేయించారు. హైదరాబాదులో శాసనాలు వెతికే సంఘానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని ఆయన పేరు పెట్టారు.

ఆయన కూతురికి చనిపోయిన అక్కగారి పేరే పెట్టుకున్నారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ గారు డాక్టరయ్యారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు కూడా గెలిచారు. ఆమె ప్రసూతి - శిశుపోషణ అని తెలుగులో ఒక వైద్య గ్రంథం రాశారు. శాస్త్రం పుస్తకమంటే ఆమడ దూరం పోయే తెలుగు ఇళ్లల్లోకి అది వంటింటి దాకా వెళ్లింది.