గణిత సాధకురాలు అడా లవ్‌లేస్

ఏ విద్య అయినా తొలిదశలో సాధకుని సహనాన్ని పరీక్షిస్తుంది. సంగీతంలో శ్రుతి కలవకపోవడం, ఛందస్సులో గణం కుదరకపోవడం, గణితంలో లెక్క తేలకపోవడం నేర్చుకొనేవారందరికీ అనుభవమే. కంప్యూటరుకు ప్రోగ్రాం రాయడం నేర్చుకొనేవారికి ఈ పరీక్ష మరింత కఠినమైనది. ఒక్క చుక్క తప్పినా, ఒక్క గుర్తు తారుమారైనా యంత్రం ఆశించిన ఫలితాన్ని ఇవ్వదు. అటువంటి వేళ ఇద్దరు శత్రువులు విద్యార్థిని చుట్టుముడతారు. మొదటిది నిరాశ. రెండవది, లేశమంత దోషం కూడా లేకుండా చేయగలిగితేనే చేయాలి, లేకుంటే మానుకోవాలి అనే మొండిపట్టు. కంప్యూటర్లు పుట్టడానికి నూరేళ్లకు ముందే ఈ ఇద్దరు శత్రువులతోనూ తలపడిన సాధకురాలు అడా లవ్‌లేస్.

అడా 1815 డిసెంబరు 10న లండన్ నగరంలో జన్మించింది. ఆమె తండ్రి ఆంగ్ల సాహిత్యంలో సుప్రసిద్ధ కవి లార్డ్ బైరన్. తల్లి ఆన్ ఇసబెల్లా గణితం పట్ల మక్కువ గల విదుషి. ఆ దంపతుల కాపురం ఏడాదికే విచ్ఛిన్నమైంది. అయిదు వారాల పసికందును వెంటబెట్టుకొని తల్లి పుట్టింటికి చేరింది. 1816 ఏప్రిల్‌లో ఇంగ్లండును విడిచి వెళ్లిన బైరన్ కుమార్తెను మళ్లీ చూడనే లేదు. అడాకు ఎనిమిదేళ్ల వయసున్నప్పుడు అతడు గ్రీసు దేశంలో కన్నుమూశాడు. తండ్రిలోని ఉద్రేక స్వభావం బిడ్డకు అబ్బుతుందేమోనని తల్లి భయపడింది. గణితాభ్యాసమే దానికి విరుగుడని నమ్మి, ప్రత్యేకంగా ఉపాధ్యాయులను నియమించి చదివించింది.

అయితే అడాలోని ఊహాశక్తి గణితంతో అణగిపోలేదు. గణితానికే రెక్కలు తొడిగింది. పన్నెండేళ్ల ప్రాయంలో ఆమె పక్షుల శరీర నిర్మాణాన్ని పరిశీలించి, ఆవిరితో ఎగిరే యంత్రాన్ని రూపొందించాలని సంకల్పించింది. ఆ మరుసటి సంవత్సరమే తట్టు సోకి, కాళ్లు చచ్చుపడి మంచం పట్టింది. చాలాకాలం ఊతకర్రల సాయంతో నడవవలసి వచ్చింది. ఆ రోజులలోనూ ఆమె చదువు ఆగలేదు.

1833 జూన్‌లో, పదిహేడేళ్ల వయసులో, అడాకు గణిత శాస్త్రవేత్త ఛార్లెస్ బాబేజ్‌తో పరిచయం కలిగింది. ఆనాడు నావికులు, ఖగోళ శాస్త్రజ్ఞులు మనుషులు చేతితో లెక్కకట్టిన పట్టికల మీద ఆధారపడేవారు. వాటిలో తప్పులు దొర్లడం సర్వసాధారణం. తప్పు లేని పట్టికలను యంత్రమే లెక్కించి ముద్రించాలన్నది బాబేజ్ ఆశయం. అందుకోసం అతడు డిఫరెన్స్ ఇంజన్ అనే యంత్రాన్ని తలపెట్టాడు. సుమారు 2,000 భాగాలను కూర్చిన దాని చిన్న నమూనాను అడా చూసింది. తోటి అతిథులు దానిని వింత వస్తువుగా చూస్తే, ఆమె అందులోని గణిత సూత్రాన్ని గ్రహించడానికి ప్రయత్నించింది.

ఆ యంత్రం మాత్రం పూర్తి కాలేదు. బ్రిటిష్ ప్రభుత్వం దానిపై 17,000 పౌన్లకు పైగా వెచ్చించి, చివరకు 1842లో చేతులెత్తేసింది. ప్రధాన పనివానితో వచ్చిన తగాదా ఇందుకు ఒక కారణం. బాబేజ్ స్వభావం మరొక కారణం. ఒక యంత్రం పూర్తికాకమునుపే అంతకన్నా మేలైన మరొక యంత్రం అతని మనసును ఆకర్షించేది. 1834లో అతడు ఎనలిటికల్ ఇంజన్ అనే కొత్త యంత్రాన్ని ఊహించాడు. ఏ లెక్కనైనా ఆజ్ఞల ప్రకారం చేయగల ఆ యంత్రం నేటి కంప్యూటరుకు పూర్వరూపం. దాని నమూనా చిత్రాలను అతడు జీవితాంతం దిద్దుతూనే ఉన్నాడు.

అడా 1835లో విలియం కింగ్‌ను వివాహం చేసుకుంది. 1838లో అతడు లవ్‌లేస్ ప్రభువు కావడంతో ఆమె లవ్‌లేస్ ప్రభ్విగా ప్రసిద్ధి పొందింది. ముగ్గురు పిల్లల తల్లి అయిన తరువాత ఆమె గణితాన్ని మళ్లీ మొదటినుండి శ్రద్ధగా నేర్చుకోవాలని నిశ్చయించింది. 1840లో లండన్ యూనివర్సిటీ కళాశాల ఆచార్యుడు ఆగస్టస్ డి మోర్గన్ ఆమెకు గురువైనాడు. ఈ డి మోర్గన్ జన్మస్థలం మన దేశంలోని మధురై కావడం విశేషం. గురుశిష్యుల మధ్య పాఠాలు ఎక్కువగా ఉత్తరాల ద్వారానే సాగాయి.

ఆ ఉత్తరాలలో అడా పడిన తపన కళ్లకు కడుతుంది. పైమెట్టుకు త్వరగా చేరాలని ఆమెకు ఆరాటం. కాని బీజగణితంలోని సామాన్య పద్ధతులే కొన్నిసార్లు ఆమెకు కొరకరాని కొయ్యలయ్యేవి. ప్రమేయ సమీకరణాలు చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయేవి. తన అసమర్థతకు తానే విసుగు చెందేది. చదివిన పుటల సంఖ్యను బట్టి ప్రగతిని కొలవరాదని డి మోర్గన్ ఆమెను హెచ్చరించేవాడు. అడా తనకు తెలియని విషయాన్ని దాచుకోలేదు. ఎక్కడ ఆగిపోయిందో వివరంగా రాసి పంపేది. సమాధానం వచ్చిన తరువాత మళ్లీ ప్రయత్నించేది. అర్థం కాని చోటును స్పష్టంగా గుర్తించడమే సగం అర్థం చేసుకోవడమని ఆమె అభ్యాసం నిరూపించింది.

బాబేజ్ 1840లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో తన కొత్త యంత్రాన్ని గురించి ప్రసంగించాడు. దాని ఆధారంగా లుయిజి మెనబ్రియా అనే ఇంజనీరు 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం ప్రచురించాడు. అడా దానిని ఆంగ్లంలోకి అనువదించింది. ఆ విషయం తెలిసిన బాబేజ్ సొంత వ్యాసమే రాయలేదేమని ఆమెను అడిగి, అనువాదానికి వివరణలైనా చేర్చమని ప్రోత్సహించాడు. ఆమె ఏడు వివరణలు రాసింది. అవి మూలవ్యాసం కంటే రెండు రెట్లకు మించి పెరిగాయి.

ఎనలిటికల్ ఇంజన్‌కు ఆజ్ఞలు అందించేవి చిల్లులు పొడిచిన అట్టలు. జకార్డ్ మగ్గంపై పూలు, లతలు నేయడానికి వాడే అట్టలే ఇందుకు ఆదర్శం. ధర్మవరం పట్టుచీరల అంచులను తీర్చిదిద్దే జకార్డ్ మగ్గాలను ఎరిగినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. మగ్గం పూలను నేసినట్లు ఈ యంత్రం బీజగణిత రూపాలను నేస్తుందని అడా భావించింది. స్వరాల సంబంధాలను నియమబద్ధంగా తెలపగలిగితే అది సంగీతాన్ని సైతం కూర్చగలదని ఊహించింది. అంకెలకు అతీతమైన ఆ దృష్టి ఆమె ప్రతిభకు గీటురాయి.

ఏడవ వివరణలో బెర్నూలీ సంఖ్యలను యంత్రం ఎలా లెక్కించగలదో ఆమె చూపదలచింది. ఈ శ్రేణిలో ఒక సంఖ్యను కనుగొనాలంటే దానికి ముందున్న సంఖ్యలు కావాలి. అందుచేత కొన్ని క్రియలను యంత్రం మళ్లీ మళ్లీ చేయాలి. ఏ క్రియ తరువాత ఏది జరగాలి, ఏ ఫలితం ఎక్కడ నిలవాలి అన్నదంతా ఒక పట్టికగా కూర్చడానికి 1843 జూలైలో అడా రాత్రింబవళ్లు శ్రమించింది. లెక్క చిక్కుముడి పడి ఊబిలో దిగబడినట్లయింది. ఆరోగ్యం సహకరించలేదు. బాబేజ్ కాగితాలను ఎక్కడో పెట్టి మరచిపోయేవాడు. తన వాక్యాన్ని మరొకరు మార్చడం ఆమె సహించేది కాదు. అయినా ఆమె పనిని వదలలేదు. బీజగణిత సూత్రాలను సమకూర్చి బాబేజ్ ఆమెకు తోడ్పడ్డాడు. అందులో అతడు చేసిన ఒక పెద్ద తప్పును అడా పట్టుకొని సరిదిద్దింది. ఆ సంగతిని అతడే తరువాత తన ఆత్మకథలో అంగీకరించాడు.

రచన అచ్చుకు సిద్ధమైన వేళ మరొక అడ్డంకి వచ్చింది. ప్రభుత్వంపై తన ఆరోపణలను సంతకం లేకుండా దానితోపాటు ప్రచురించాలని బాబేజ్ పట్టుబట్టాడు. సంపాదకులు ఒప్పుకోకపోవడంతో రచనను ఉపసంహరించుకోమని అడాను కోరాడు. యంత్ర నిర్మాత మాటను కాదంటే ఆ స్నేహమే చెడవచ్చు. ఔనంటే తన శ్రమ అంతా పెట్టెలో మిగిలిపోతుంది. ఆమె అతని కోరికను నిరాకరించింది. 1843లో ఆ రచన ఎ.ఎ.ఎల్. అనే పొడి అక్షరాలతో వెలువడింది. బాబేజ్‌తో స్నేహమూ నిలిచింది.

అంత శ్రమించి రూపొందించిన పట్టికలో ఒక దోషం మిగిలిపోయింది. నాలుగవ క్రియలో భాజ్యం, భాజకం ఒకదాని స్థానంలో మరొకటి అచ్చయ్యాయి. ఉన్నది ఉన్నట్లుగా యంత్రానికి అందిస్తే తప్పుడు ఫలితమే వస్తుంది. అయినా ఆ పట్టిక విలువ తగ్గలేదు. లోకం ఎదుట ఉన్న రచన కనుక చదివినవారు దోషాన్ని కనుగొని సవరించుకోగలిగారు. బాబేజ్ అంతకుముందే ఇటువంటి క్రియా పట్టికలు కొన్ని రాసుకొన్నందున, తొలి ప్రోగ్రాం రచయిత్రి అన్న బిరుదు అడాకు చెల్లుతుందా అనే విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే సమగ్రమైన వివరణతో ప్రచురణకు నోచుకున్నది అడా రచన.

అడా తదుపరి జీవితం సుఖంగా సాగలేదు. గుర్రపు పందేల వల్ల అప్పులపాలైంది. క్యాన్సర్ వ్యాధితో బాధపడి 1852 నవంబరు 27న, ముప్పయ్యారేళ్ల వయసులో మరణించింది. ఆమె కోరిక మేరకు హక్‌నాల్ గ్రామంలోని చర్చిలో, ఎన్నడూ ఎరుగని తండ్రి పక్కనే ఆమెను సమాధి చేశారు. బైరన్ మరణించింది కూడా ముప్పయ్యారేళ్లకే.

1871లో బాబేజ్ మరణించేనాటికి ఎనలిటికల్ ఇంజన్ రూపొందలేదు. అతడు తరువాత సంస్కరించిన రెండవ డిఫరెన్స్ ఇంజన్ గణన భాగాన్ని లండన్ సైన్సు మ్యూజియం వారు 1991లో నిర్మించగా అది చక్కగా పనిచేసింది. అడా రచన 1953లో పునర్ముద్రణ పొంది కంప్యూటరు శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. అమెరికా రక్షణ శాఖ తాను రూపొందింపజేసిన ప్రోగ్రాం భాషకు అడా అని పేరుపెట్టి, 1980లో ఆమోదించిన దాని ప్రమాణ పత్రానికి ఆమె జన్మ సంవత్సరమైన 1815ను సంఖ్యగా ఇచ్చింది.

బాబేజ్ మేధ అసాధారణమైనదే. కాని మెరుగులు దిద్దడంలోనే అతని జీవితకాలం గడచిపోయింది. అడా తన శక్తికి మించిన చోట గురువును అడిగింది, తప్పిన చోట తిరిగి లెక్కించింది, సమయం వచ్చినప్పుడు చేసిన పనిని లోకానికి అప్పగించింది. నేడు ప్రోగ్రాం నేర్చుకొనే విద్యార్థికి యంత్రం చూపే ప్రతి దోషమూ డి మోర్గన్ ఉత్తరం వంటిదే. అది విద్యార్థికి తెలివి లేదని చెప్పదు. దిద్దవలసిన చోటును మాత్రమే చూపుతుంది.