ఛార్లెస్ డౌ – పన్నెండు మెతుకుల లెక్క

టీవీ వార్తల్లో ఈ రోజు డౌ ఇన్ని పాయింట్లు పెరిగిందనో, తగ్గిందనో చెప్పడం మీరు వినే ఉంటారు. అమ్మానాన్నలు ఆ ఒక్క అంకె కోసం చెవి ఒగ్గి వినడం కూడా చూసే ఉంటారు. ఆ డౌ నిజానికి ఒక మనిషి పేరు. ఆయన ఆస్తిపరుడు కాదు, పెద్ద చదువులు చదివినవాడూ కాదు. ఒక పత్రికా విలేఖరి.

ఛార్లెస్ హెన్రీ డౌ 1851 నవంబరు 6న కనెక్టికట్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. ఆరేళ్ళ వయసులోనే తండ్రి చనిపోయారు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. చిన్నాచితకా పనులు చేసుకుంటూనే రాయడం నేర్చుకుని, ఇరవై ఒకటో ఏట స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో చేరారు. తరువాత ప్రావిడెన్స్ నగరానికి మారారు. 1879లో అక్కడి పత్రిక ఆయనను కొలరాడోలోని లెడ్‌విల్ వెండి గనుల విశేషాలు రాయడానికి పంపింది. డబ్బున్న పెట్టుబడిదారులు దేన్ని చూసి డబ్బు పెడతారో, ఏ వివరాలు అడుగుతారో ఆ ప్రయాణంలో ఆయన దగ్గరగా గమనించారు.

ఆ తరువాత న్యూయార్క్ చేరి, 1882లో ఎడ్వర్డ్ జోన్స్, ఛార్లెస్ బెర్గ్‌స్ట్రెసర్ అనే మిత్రులతో కలిసి వాల్ స్ట్రీట్‌లో ఒక నేలమాళిగ గదిలో వార్తాసంస్థ పెట్టారు. అదే డౌ జోన్స్ కంపెనీ. వార్తలను చేత్తో రాసి, కుర్రాళ్ళ చేత ఆఫీసులకు పంచేవారు. ఆ రోజుల్లో కంపెనీలు తమ లాభనష్టాలను గుట్టుగా ఉంచేవి. డబ్బు పుచ్చుకుని షేర్లను పొగిడే విలేఖరులూ ఉండేవారు. లోపలి సంగతులు తెలిసిన కొద్దిమంది బాగుపడేవారు, తెలియని మామూలు మనిషి మోసపోయేవాడు. అందుకే డౌ నిజమైన వార్తలకే విలువ ఇచ్చారు. 1889 జులై 8న వాల్ స్ట్రీట్ జర్నల్ మొదలైంది. నాలుగు పేజీల ఆ పత్రిక ధర రెండు సెంట్లు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఒక షేరు పెరుగుతుంది, ఇంకొకటి తగ్గుతుంది. మొత్తం మీద బజారు ఎటు పోతున్నట్టు? అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మన అమ్మమ్మలు గిన్నెంతా తిని చూడరు కదా, మెతుకు పట్టుకుని చూస్తారు. డౌ చేసిందీ అదే. 1884లో పదకొండు కంపెనీలు ఎంచుకుని సగటు ధర ప్రకటించారు. వాటిలో తొమ్మిది రైల్వేలే. ఆ తరువాత ఫ్యాక్టరీల కాలం వస్తోందని గ్రహించి, 1896 మే 26న పన్నెండు పరిశ్రమల సగటు వేశారు. పంచదార, పొగాకు, తోలు, రబ్బరు, గ్యాస్, ఇనుము, విద్యుత్తు లాంటి కంపెనీలవి. ధరలన్నీ కూడి పన్నెండుతో భాగిస్తే 40.94 వచ్చింది. మూడో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క!

డౌ 1902 డిసెంబరు 4న బ్రూక్లిన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్ళే. ఆయన జాబితాలోని కంపెనీలు 1916లో ఇరవై, 1928లో ముప్పై అయ్యాయి. ఆ మొదటి పన్నెండులో మిగిలిన జనరల్ ఎలక్ట్రిక్ కూడా 2018లో వెళ్ళిపోయింది. మెతుకులు మారాయి, పద్ధతి నిలిచింది.

మీరూ ఒక సూచీ తయారుచేయవచ్చు. డబ్బేమీ పెట్టనక్కరలేదు. మీ ఇంట్లో వాడే వస్తువుల కంపెనీలు అయిదు ఎంచుకోండి. వాటి షేర్ల ధరలు 10, 20, 30, 40, 60 డాలర్లు అనుకుందాం. మొత్తం 160, అయిదుతో భాగిస్తే 32. ఇప్పుడు అరవై డాలర్ల షేరును కంపెనీ రెండు ముప్పైలుగా విడగొట్టిందనుకోండి. మొత్తం 130కి, సగటు 26కి పడిపోతుంది. కానీ ఎవరికీ నష్టం రాలేదు కదా! అందుకే అయిదుకు బదులు 4.0625తో భాగించాలి. మళ్ళీ 32 వస్తుంది. 1928 నుంచి డౌ సూచీలో ఇలాగే భాజకాన్ని సరిచేస్తున్నారు.

ఇందులో ఒక లోపమూ ఉంది. ఎక్కువ ధర ఉన్న షేరుకు, ఆ కంపెనీ చిన్నదైనా సరే, ఎక్కువ బరువు పడుతుంది. ఇంకొక ప్రమాదం మన తెలుగువారికి బాగా తెలిసినదే. 1986లో బొంబాయిలో ముప్పై కంపెనీలతో సెన్సెక్స్ మొదలైంది. కొంతకాలం అందులో ఉన్న హైదరాబాదు కంపెనీ సత్యం, లెక్కలు తప్పుడువని బయటపడ్డాక 2009 జనవరిలో జాబితా నుంచి తొలగిపోయింది. దాన్ని నమ్మి దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. సూచీలో పేరు ఉన్నంత మాత్రాన కంపెనీ మంచిదని కాదు. మెతుకు మంచిదో కాదో మనమే చూసుకోవాలి.

తండ్రి లేని పల్లెటూరి పిల్లవాడు కూడికలు, భాగహారాలతోనే సామాన్యుడి చేతికి ఒక దీపం ఇచ్చారు. ఈసారి టీవీలో డౌ అన్న మాట వినబడినప్పుడు, ఆ కథ మీ అమ్మానాన్నలకు మీరే తెలుగులో చెప్పండి.