పింగ్ రాసిన మైక్ మూస్

వైఫై మొరాయిస్తే మనలో చాలామంది ముందు చేసే పని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 అని కొట్టడం. గేమ్ ఆడేవాళ్ళయితే పింగ్ ఎంతుందో చూసుకోకుండా మ్యాచ్‌లోకి దిగరు. ఉద్యోగాల్లో చేరిన సీనియర్లు తర్వాత పింగ్ చేస్తా అంటూ దాన్ని మామూలు తెలుగు మాటలా వాడేస్తున్నారు. ఇంతగా నలిగిన ఈ మాట వెనక ఉన్న మనిషి పేరు మాత్రం మన సిలబస్‌లో కనబడదు.

ఆయన పేరు మైక్ మూస్. 1958లో అమెరికాలో పుట్టాడు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో చదివాడు. చదువుకునే రోజుల్లో సోనార్, రాడార్ వ్యవస్థల మోడలింగ్ మీద బాగా పనిచేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది. తర్వాత మేరీలాండ్‌లోని అబర్డీన్‌లో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబ్‌లో చేరాడు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కలు కట్టే ల్యాబ్ అది. ఫస్టియర్‌లో మనం బట్టీ కొట్టిన ఎనియాక్ కంప్యూటర్‌ని తయారుచేయించింది కూడా ఈ ల్యాబ్ లెక్కల కోసమే.

1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. అంటే ఇప్పుడు మనం వాడే ఇంటర్నెట్ అప్పటికి పసిబిడ్డ. ఎక్కడ ఏ వైరు పాడైందో, ఏ మెషీన్ నిద్రపోతోందో తెలుసుకునే సాధనాలు పెద్దగా లేవు. ఆ ఏడాది జూలైలో నార్వేలో జరిగిన ఒక మీటింగ్‌లో డేవ్ మిల్స్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. ఐసీఎంపీలో ఎకో అనే మెసేజ్ ఉంది కదా, దాన్ని పంపి, తిరిగి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి దారి ఎంత ఆలస్యం చేస్తోందో తాను కొలుస్తున్నానని. మూస్ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

డిసెంబర్‌లో ల్యాబ్ నెట్‌వర్క్ ఏదో తేడాగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. మూస్ సాయంత్రం కూర్చుని ప్రోగ్రామ్ రాసేశాడు. కంపైల్ అయింది, కానీ పని చెయ్యలేదు. కారణం చూస్తే, అలాంటి ఐసీఎంపీ సాకెట్‌కి కెర్నల్‌లోనే సపోర్ట్ లేదు. మనమైతే ల్యాప్‌టాప్ మూసి పడుకుంటాం. ఆయనకి ఒళ్ళు మండి, కెర్నల్ కోడ్ కూడా తనే రాసి, తెల్లవారకముందే మొత్తం పనిచేయించాడు. తీరా చూస్తే ఆయన మొదటి ప్యాకెట్ పంపేలోపే ఇంకో సహోద్యోగి పాడైన హార్డ్‌వేర్‌ని కనిపెట్టి బాగు చేసేశాడు! ఏ సమస్య కోసం పింగ్ పుట్టిందో ఆ సమస్యకి మాత్రం అది అక్కరకి రాలేదన్నమాట.

పేరు సోనార్ నుంచి వచ్చింది. సబ్‌మెరైన్ ఒక శబ్దం పంపి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి వింటుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో దాన్ని బట్టి ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. పింగ్ చేసేదీ అంతే. కోడ్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, పంపిన టైమ్‌ని ప్యాకెట్ లోపలే పెట్టి పంపుతుంది. అవతలి మెషీన్ ఆ డేటాని అలాగే తిప్పి పంపాలి కాబట్టి, ఏది ఎప్పుడు పంపామో టేబుల్ వేసుకుని గుర్తుపెట్టుకునే పని లేదు. వచ్చినదాన్ని తెరిచి, ఇప్పటి టైమ్‌లోంచి తీసేస్తే సరి.

మొత్తం సుమారు వెయ్యి లైన్లు. పబ్లిక్ డొమైన్ అని కోడ్ పైనే రాసి ఉంటుంది. బెర్క్‌లీ వాళ్ళు ఆయన కెర్నల్ మార్పులతో సహా తమ యూనిక్స్‌లో కలుపుకున్నారు. ఉచితం కాబట్టి ఒక్కో సిస్టమ్‌లోకీ చేరుతూ చివరికి విండోస్‌లోకీ వచ్చింది. ఒకచోట ఎవరో పింగ్ జవాబు వచ్చినప్పుడల్లా స్పీకర్లో పింగ్ అని వినిపించేలా చేసి, బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో కేబుల్ కదిపి, శబ్దం ఆగినచోట లూజ్ కనెక్షన్ పట్టుకున్నారట. మూస్ ఈ కథని ముచ్చటగా తన పేజీలో పెట్టుకున్నాడు.

ఇంట్లో నెట్ స్లో అయినప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుంది. ముందు మీ రౌటర్‌ని పింగ్ చెయ్యండి, తర్వాత బయటి అడ్రస్‌ని. రౌటర్ దగ్గరే టైమ్ ఎగిరెగిరి పడుతుంటే గొడవ మీ వైఫైలో ఉంది, కంపెనీకి ఫోన్ చేసి తిట్టి లాభం లేదు.

అయితే ఈ సాధనంతో దాడులూ జరిగాయి. 1990లలో పింగ్ ఆఫ్ డెత్ పేరుతో, ఉండాల్సిన 65,535 బైట్ల కంటే పెద్ద ప్యాకెట్ పంపి మెషీన్లని కూలగొట్టేవాళ్ళు. చాలా ఫైర్‌వాల్స్ ఎకోకి జవాబివ్వకుండా ఆపేది ఇలాంటి భయాలతోనే. కాబట్టి పింగ్‌కి పలకనంత మాత్రాన అవతలి సర్వర్ చచ్చిపోయిందని అనుకోకండి. మూస్ విషయానికొస్తే ఆయన భద్రత వైపే నిలబడ్డాడు. ది కకూస్ ఎగ్, సైబర్‌పంక్ అనే రెండు పుస్తకాల్లో హ్యాకర్లని వెంటాడి పట్టుకున్నవాళ్ళ మధ్య ఆయన పేరు కనిపిస్తుంది.

పింగే తన జీవితంలో అన్నిటికంటే పేరు తెచ్చే పని అవుతుందని ముందే తెలిస్తే ఇంకో రోజో రెండ్రోజులో కూర్చుని మరికొన్ని ఆప్షన్లు పెట్టేవాడినని ఆయనే సరదాగా చెప్పుకున్నాడు. నవ్వొస్తుంది గానీ, ఇందులో కొంచెం అన్యాయం ఉందనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఆయన ఏళ్ళ తరబడి కష్టపడింది వేరేదాని మీద. బీఆర్ఎల్-క్యాడ్ అనే త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్. యుద్ధ వాహనాన్ని కంప్యూటర్‌లో కట్టి, దాని మీదకి వేల కిరణాలు వదిలి, ఏ దెబ్బ ఎక్కడ తగిలితే ఏది పాడవుతుందో లెక్కగట్టడానికి సైన్యం వాడింది. అది యుద్ధం కోసం చేసిన పని, ఆ మాట దాచక్కర్లేదు. అదే మనిషి ఒక్క రాత్రిలో రాసిన చిన్న ప్రోగ్రామ్‌ని ఇవాళ ఎవరు పడితే వాళ్ళు ఫ్రీగా వాడుతున్నారు.

2000 నవంబర్ 20న ఇంటర్‌స్టేట్ 95 హైవే మీద జరిగిన కారు ప్రమాదంలో మూస్ చనిపోయాడు. అప్పటికి 42 ఏళ్ళు. నాలుగేళ్ళ తర్వాత, 2004 డిసెంబర్‌లో, బీఆర్ఎల్-క్యాడ్ సోర్స్ కోడ్‌ని సైన్యం అందరికీ తెరిచింది. ఆయన పోయాక కూడా వేరేవాళ్ళు దానికి కోడ్ కలుపుతూనే ఉన్నారు. మీరూ డౌన్‌లోడ్ చేసుకుని చూడొచ్చు, డబ్బులేం అడగరు.